ఎలర్జీ ప్రారంభోత్సవం

"ప్రజల ఆరోగ్య రికార్డు ఇక ప్రజలదే! సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్! కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా సరిదిద్దవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. దాచిపెట్టడం తప్ప మరో విద్య తెలియని శాఖలో ఇంత దాపరికం లేని మాట వినిపించేసరికి గుమాస్తాలు సైతం కాసేపు మేలుకున్నారు.

ఆ కోడ్ రాసే బృందానికి పెద్ద ఒక ఇంటి కోడలు. కోడ్ రాసే కోడలు గనక మామగారు ఆమెను "కోడమ్మా" అని పిలుస్తారు. సాఫ్ట్‌వేర్‌ను ఆమె విడివిడి ముక్కలుగా రాసింది. ఏ ముక్క కావలిస్తే ఆ ముక్క తగిలించుకోవచ్చు. ముక్కలున్నాయని వినగానే మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. ముక్కకో రిబ్బను!

రక్తం గ్రూపు ముక్కను బెలూన్లు ఎగరేసి ప్రారంభించారు. ఎత్తు ముక్కను నిచ్చెనెక్కి ప్రారంభించారు. బరువు ముక్క నాడు మాత్రం తూకం యంత్రం ఎక్కకుండా దూరం నుంచే దీవించారు. వయసు ముక్క, మంత్రిగారి సొంత వయసు మీద ఏకాభిప్రాయం కుదరక ఆగిపోయింది.

మిగిలింది ఎలర్జీ ముక్క. పడని మందు రాస్తే తెర ఎర్రబడి గంట కొడుతుంది. ముఖం ఎరగని ఔత్సాహికులు ఎక్కడెక్కడినుంచో తప్పులు చూపిస్తే కోడలు దిద్దింది. సముద్రం అవతలి ఆసుపత్రులు అప్పుడే దాన్ని దించుకుని వాడేస్తున్నాయి. సొంత ఊరి సర్కారు ఆసుపత్రిలో మాత్రం అది రిబ్బను చుట్టిన కంప్యూటర్లో మంత్రిగారి డేటు కోసం పడిగాపులు కాస్తోంది.

అంతలో మామగారు న్యుమోనియాతో అదే ఆసుపత్రిలో చేరారు. ఆయనకు పెన్సిలిన్ పడదు. ఒకసారి ఇస్తే ప్రాణం గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చింది. కోడలు మంత్రిగారి పీఏ దగ్గరికి పరిగెత్తింది.

"సార్, ఎలర్జీ ముక్క ఆన్ చేయనివ్వండి. మా మామగారికి పెన్సిలిన్ పడదు."

"ఎప్పటినుంచమ్మా?"

"చిన్నప్పటినుంచీ."

"ఇన్నేళ్లు ఆగినవారు శుక్రవారం దాకా ఆగలేరా? సార్ స్వయంగా వస్తున్నారు!"

మంచం మీద మామగారు అడిగారు. "కోడమ్మా, ఇంతకీ నాకు ఎలర్జీ ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది మావయ్యా. ప్రారంభం కాలేదంతే."

ఆమె ఒక అట్టముక్క మీద 'పెన్సిలిన్ వద్దు' అని రాసి మంచానికి కట్టింది. శుక్రవారం పొద్దున మంత్రిగారి రాక కోసం వార్డు శుభ్రం చేసినవాళ్లు ఆ అట్టముక్కను కూడా శుభ్రం చేసేశారు. ఫొటోలో బాగుంటుందని రిబ్బను చుట్టిన కంప్యూటర్ను మామగారి మంచం పక్కకు జరిపి, ఆయనకు కొత్త దుప్పటి కప్పారు. ఆయాసం ఎక్కువై ఆయన మూతికి ఆక్సిజన్ మాస్కు ఉంది. నర్సును కూడా ఫొటోలో బాగుంటుందనే వేరే వార్డు నుంచి తెచ్చారు.

మంత్రిగారు ఉపన్యాసం అందుకున్నారు. నర్సు ఇంజెక్షన్ అందుకుంది.

పూలదండల వెనక ఇరుక్కున్న కోడలు అరిచింది. "ఆగండి! అది పెన్సిలిన్! ఆయనకు పడదు!"

"ష్! సార్ మాట్లాడుతున్నారు," అన్నాడు పీఏ.

"రికార్డులో అలాంటిదేం లేదే," అంది నర్సు.

కోడలు దండలు తెంపుకుని వచ్చి, వెండి పళ్లెంలో కత్తెర లాక్కుని రిబ్బను కత్తిరించి, మీట నొక్కింది. తెర ఎర్రబడింది. గంట గణగణ మోగింది. నర్సు చెయ్యి గాల్లో ఆగింది. ఆ ముక్క అక్షరాలా పనిచేసింది. మామగారు మాస్కులోంచే గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంత్రిగారు ఖాళీ వేళ్లను కత్తెరలా ఆడిస్తూ నిలబడ్డారు.

"మరి నేనేం కత్తిరించాలయ్యా?"

పీఏ కంగారు పడే మనిషి కాడు. కంప్యూటరు ఆపేశాడు. తెగిన రిబ్బను ముడేశాడు. కోడలిని మర్యాదగా బయటికి పంపి తలుపు వేయించాడు. కెమెరాల వాళ్లను వరస పెట్టి, నర్సు వైపు తిరిగాడు.

"అమ్మా, మొదటినుంచి తీద్దాం. మీరు ఇంజెక్షన్ పట్టుకుని మళ్లీ రండి."

ఆ మాట చెవిన పడగానే, రెండు రోజులుగా పక్క మీద నుంచి కదలని మామగారు మాస్కు పీకేసి, మంచం దిగి, మంత్రిగారిని తోసుకుంటూ తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

రోగి లేచి నడిచిన ఫొటో మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది. కింద మంత్రిగారి ప్రకటన ఉంది: "ప్రారంభించకముందే ఇంత గుణం కనిపించింది!"