సెయింట్ నికోలాస్ గారి నలభై మూడు ఓడలు

సముద్ర వైభవ శాఖ మంత్రి మాన్యశ్రీ థ్రసివులోస్ బరదాకోస్ గారు ఏథెన్సులో పత్రికల వారిని పిలిచి, మూడు వేల ఏళ్ళ గ్రీకు నౌకా వాణిజ్య చరిత్రను పన్నెండు సంపుటాల్లో అచ్చు వేయిస్తున్నట్టు ప్రకటించారు. మొదటి సంపుటం అప్పటికే సిద్ధమైంది. అందులో మంత్రిగారి ముందుమాట నలభై పేజీలు, చరిత్ర ముప్ఫై రెండు పేజీలు.

"ప్రపంచంలో తేలే ప్రతి ఐదు ఓడల్లో ఒకటి మనవాళ్ళదే!" అన్నారు మంత్రిగారు.

వెనక వరసలోంచి ఒక విలేకరి లేచి, వాటిలో మన జెండా కట్టుకున్నవి ఎన్ని అని అడిగాడు. అతనికి చరిత్ర మీద గౌరవం లేదని వెంటనే తెలిసిపోయింది. మన ఓడల యజమానులు గొప్ప దేశభక్తులు. ఇంట్లో జెండా, పెళ్ళిలో జెండా, శవపేటిక మీద కూడా జెండా. ఒక్క ఓడ మీద మాత్రం పనామా జెండానో లైబీరియా జెండానో ఎగరేస్తారు. సముద్రమన్నదే లేని దేశం జెండాతో తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు. అలా చేస్తే పన్నులుండవు, తనిఖీలుండవు, మనశ్శాంతి ఉంటుంది.

మంత్రిగారు చిరునవ్వు నవ్వి, "చరిత్రలో చిన్న పొరపాటు జరిగింది. దిద్దేస్తాం" అన్నారు. ఆ సాయంత్రమే దిద్దారు. జాతీయ జెండాతో కనీసం పది ఓడలు రిజిస్టరు కాని దీవులకు జనవరి ఒకటి నుంచి సర్కారు బోటు నిలిపివేయబడును అని సర్క్యులర్ వెళ్ళింది. ఆ పథకానికి 'ప్రోత్సాహం' అని పేరు పెట్టారు.

జెరోనీసి దీవికి ఈ ప్రోత్సాహం మంగళవారం చేరింది. అక్కడికి ఏది చేరినా మంగళవారమే చేరుతుంది, 'జాతీయ వైభవం' అనే సర్కారు బోటులో. ఉల్లిపాయలు, గ్యాస్ సిలిండర్లు, డాక్టరు, పెళ్ళిచూపులకొచ్చే వాళ్ళు, అందరూ ఆ బోటు దిగాల్సిందే. అది రాకపోతే జెరోనీసిలో రాళ్ళూ మేకలూ మిగులుతాయి.

హార్బరు ఆఫీసరు ఫానూరిస్ సర్క్యులర్‌ని మూడుసార్లు చదివి రిజిస్టరు తెరిచాడు. నూటయాభై ఏళ్ళ కిందట ఈ దీవికి రెండు వందల తెరచాప ఓడలుండేవి. ఆ కెప్టెన్ల ముని మనవలకి ఇప్పుడు లండన్‌లో ఆఫీసులున్నాయి. దీవి రిజిస్టరులో మాత్రం సున్నా ఉంది. హార్బరు ఆఫీసు వారి పడవ ఒకటుంది కానీ దానికి ఇంజను లేదు, అందులో ఆఫీసు వారి కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఫానూరిస్ దిగులుగా చర్చి మెట్ల మీద కూలబడ్డాడు. చర్చి తాళాలు చూసుకునే మరూకో అవ్వ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ఎనభై ఒకటో ఏడు, నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఏరా ఫానూరీ, మొహం అలా వేలాడేశావేం?"

"బోటు ఆపేస్తారంట అవ్వా."

"ఏ బోటు?"

"మనకేమన్నా పది బోట్లున్నాయా? మంగళవారం బోటే."

అవ్వ చీపురు కింద పడేసింది. "మరి నా పళ్ళో? హియోసు దీవిలో డాక్టరు కొలతలు తీసుకున్నాడు కదరా!"

"దీవి దీవంతా ఆగమైపోతుంటే నీ పళ్ళ గోలేంటవ్వా!"

"నీకున్నాయి కాబట్టి ఎన్నైనా అంటావు" అంది అవ్వ.

డిసెంబరు ఆరున, నావికుల పుణ్యపురుషుడు సెయింట్ నికోలాస్ పండగ నాడు, మొదటి సంపుటాన్ని ఆవిష్కరించడానికి మంత్రిగారు స్వయంగా జెరోనీసి వచ్చారు. చర్చిలో ఉపన్యాసం మొదలైంది. మంచి వాక్యం వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, కళ్ళు ఆకాశం వైపు ఎత్తడం మంత్రిగారి అలవాటు. ఫొటో బాగా వస్తుంది. ఆ రోజు అలా ఎత్తిన కళ్ళు మధ్యలోనే ఆగిపోయాయి. చర్చి కప్పునుంచి ఓడలు వేలాడుతున్నాయి.

"ఇవేమిటి?"

"మొక్కు ఓడలండి" అన్నాడు ఫాదర్ స్టమాటిస్. "తుఫానులో చిక్కుకున్న కెప్టెను, గట్టెక్కిస్తే నీకు ఓడ కడతానని స్వామికి మొక్కుకుంటాడు. ప్రాణాలతో ఇంటికొస్తే, తన ఓడలాంటిదే జానెడు ఓడ ఒకటి వెండితోనో చెక్కతోనో చేయించి ఇక్కడ కడతాడు."

"ఎన్నున్నాయి?"

"నలభై మూడు. దులిపేదాన్ని నేనేగా" అంది మరూకో అవ్వ.

"వీటి జెండా?"

"మనదే. పరాయి జెండా పట్టుకుని ఎవడన్నా దేవుడి దగ్గరికెళ్తాడా?"

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. కెమెరా వైపున్న కన్ను కాస్త ఎక్కువ చెమ్మగిల్లింది. "ఓడలు లేవన్నదెవరు? ఇన్నాళ్ళూ మనం కిందకి చూశాం. తప్పు మనది!"

కార్యదర్శి చెవిలో గొణిగాడు. "అయ్యా, ఒక్కోటీ జానెడు కూడా లేదు."

"రిజిస్ట్రేషన్ ఫారంలో పొడవు అడిగారా?"

కార్యదర్శి ఫారం తిప్పి తిప్పి చూశాడు. ఓడ పేరు, యజమాని పేరు, జెండా, రేవు, టన్నులు అడిగారు గానీ పొడవు అడగలేదు. టన్నుల గడిలో అసలు ఓడల టన్నులు వేశారు. యజమాని గడిలో ఫానూరిస్ "శ్రీ నికోలాస్ (సెయింట్), స్థిర నివాసం ఇదే" అని రాసి, నలభై మూడు సార్లు స్టాంపు కొట్టాడు. బోటు నిలబడింది. ఊరంతా మేకమాంసంతో విందు చేసుకున్నారు. మరూకో అవ్వ పులుసు తాగింది.

ఆ ఏడు దేశ నౌకా వాణిజ్యం దూసుకుపోయింది. ప్రతి దీవిలోనూ ఒక సెయింట్ నికోలాస్ ఉన్నాడు, ప్రతి సెయింట్ నికోలాస్‌కీ ఓడలున్నాయి. వేసవికల్లా జాతీయ జెండా కింద రెండు వేల ఓడలు కొత్తగా చేరాయి. వీటికోసం మంత్రిగారు ఒక్క చెట్టు నరికించలేదు, ఒక్క మేకు కొట్టించలేదు. ఇంత పెద్ద నౌకా సముదాయం వీసమెత్తు పొగ వదలనందుకు ఒక పర్యావరణ సంఘం వారు మంత్రిగారికి శాలువా కప్పారు.

ఓడలున్నాక తనిఖీ ఉండాలి. అక్టోబరులో ఒక మంగళవారం ఇన్‌స్పెక్టరు దిగాడు. మెడ వెనక్కి వంచి రెండు గంటలు చర్చి కప్పు చూశాడు.

"ఆఖరుసారి సముద్రంలోకి ఎప్పుడెళ్ళాయి?"

"వెళ్ళలేదండి" అన్నాడు ఫానూరిస్.

"అంటే లంగరు వేసున్నాయా?"

"తాడు కట్టి ఉన్నాయండి."

"ఎటు?"

"పైకి."

ఇన్‌స్పెక్టరు గంభీరంగా రాసుకున్నాడు. 'లంగరు పైకి వేయుట నిబంధనలకు విరుద్ధం.' తర్వాత ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాడు. "పదిహేడో నంబరు ఓడ అడుగున మంటలు!"

"కొవ్వొత్తులండి. భక్తులు వెలిగిస్తారు."

"ఎవరు వెలిగిస్తే ఏం, మంట మంటే. సిబ్బంది ఎక్కడ?"

"నేనే" అంది మరూకో అవ్వ.

"ఏ ఓడకి?"

"అన్నిటికీ నేనే బాబూ. ఇంకెవరున్నారు?"

అవ్వని నలభై మూడు ఓడల కెప్టెనుగా నమోదు చేసుకుని, అక్కడికక్కడే ఆరోగ్య పరీక్ష చేశాడు. కళ్ళు పర్వాలేదు, మోకాళ్ళు పర్వాలేదు. పళ్ళు లేనందువల్ల కెప్టెను పదవికి అన్‌ఫిట్ అని తేలింది.

"పళ్ళు మీ బోటులోనే రావాలి నాయనా. డాక్టరు ఏడాదిగా ఇదిగో అదిగో అంటున్నాడు."

ఫానూరిస్ ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "అయ్యా, తమరు దిగిన 'జాతీయ వైభవం'లో లైఫ్ బోటుకి అడుగు లేదు. అందులో టమాటా మొక్కలు పెంచుతున్నారు. అది చూశారా?"

"అది మా శాఖవారి బోటు. శాఖని శాఖే తనిఖీ చేసుకుంటే మర్యాదగా ఉండదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అరవై ఒక్క లోపాలు తేలాయి. జాతీయ జెండా కట్టిన ప్రతి ఓడనూ సెయింట్ నికోలాస్ పండగ లోపల మరమ్మతు కోసం ఏథెన్సు రేవైన పిరేయస్ షిప్‌యార్డుకి పంపాలని ఉత్తర్వు వచ్చింది. వెనకాలే టన్నుల మీద పన్ను నోటీసు కూడా వచ్చింది, 'శ్రీ నికోలాస్, ఓడల యజమాని' పేరున. స్వామి స్వయంగా హాజరు కావాలన్నారు.

పిరేయస్‌కి ఆ వెండి ఓడలు వెళ్తే తిరిగి రావని ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఫాదర్ స్టమాటిస్ రెండు రోజులు ప్రార్థన చేసి, మూడో రోజు లండన్‌కి ఫోను చేశాడు. ఈ దీవి కెప్టెన్ల ముని మనవల్లో పెద్దవాడు ఇసీదోరోస్ ఎత్తాడు.

"ఇదేమంత పని ఫాదర్! ఇరవై నిమిషాలు. పనామా ఫారాలు పంపిస్తా, సంతకాలు పెట్టి జెండా మార్చెయ్యండి. పన్నూ ఉండదు, ఇన్‌స్పెక్టరూ రాడు."

"పాపం కాదా నాయనా?"

"ముప్ఫై ఏళ్ళ నుంచి మేం చేస్తున్నదదే. ఆ డబ్బుతోనే మీ చర్చికి కొత్త గంట పంపాం. అప్పుడు వద్దన్నారా?"

ఫాదర్‌కి గంట గుర్తొచ్చింది. ఫారాలు ఎప్పటికి వస్తాయని అడిగాడు.

కాఫీ దుకాణంలో ఊరంతా చేరింది. ఫానూరిస్ బల్లెక్కి చేతులు జోడించాడు. "మీకు దండం పెడతాను, పది ఓడలకైనా మన జెండా ఉంచండి. తొమ్మిదైతే బోటు ఆగిపోతుంది. ముప్ఫై మూడు మార్చుకోండి, నేనేమీ అనను."

"నిజమే, పది ఉండాల్సిందే" అన్నారందరూ.

"ఎవరి పది?" అన్నాడు రొట్టెల దుకాణం పాంటెలోస్.

అందరూ ఎవరి కప్పు అడుగున వాళ్ళు కాఫీ మడ్డి చూసుకున్నారు. ప్రతివాడికీ పక్కవాడి తాత ఓడ పిరేయస్‌కి పంపడంలో అభ్యంతరం లేదు. దీవి మీద ప్రేమ లేనివాడు ఒక్కడూ లేడు గానీ, ఆ ప్రేమకి తన ఓడని ఇచ్చేవాడు కనపడలేదు. దేశ నౌకా వాణిజ్య చరిత్ర పన్నెండు సంపుటాలూ అయిదు నిమిషాల్లో ఆ కాఫీ దుకాణంలో జరిగిపోయింది.

"నాది ఉంచండి" అంది మూల నుంచి మరూకో అవ్వ.

"ఒక్కటుంటే ఏం లాభమవ్వా?" అన్నాడు ఫానూరిస్. అతనికి ఏడుపొచ్చేలా ఉంది.

"లాభం కోసం కాదులే. మీ నలభై రెండింటికీ జెండాలు కావాలిగా, నేనే కుట్టిస్తా. నా ఓడ జోలికి మాత్రం రాకండి."

డిసెంబరు ఆరున రెండో సంపుటంతో మంత్రిగారు వచ్చారు. వెంట మూడు టీవీల వాళ్ళున్నారు. చర్చి తలుపు తీయగానే సముద్రపు గాలి లోపలికి కొట్టి ఓడలన్నీ ఊగాయి. మంచి వాక్యం వచ్చింది, మంత్రిగారు కళ్ళెత్తారు. పైన నలభై రెండు పనామా జెండాలు రెపరెపలాడుతున్నాయి.

ఫానూరిస్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, బోటు పోయింది, ఉద్యోగం పోయింది, ఈ చలికాలంలో ఎవరికి గుండె నొప్పొచ్చినా ఇక దేవుడే దిక్కనుకున్నాడు.

"ఎవరు చేశారీ పని?" మంత్రిగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"నేనే. కెప్టెన్నిగా" అంది మరూకో అవ్వ.

"మరి ఆ ఒక్కదాన్నీ ఎందుకు వదిలేశావు?"

అవ్వ ఆ చివర వేలాడుతున్న తెరచాపల చెక్క ఓడని చూసింది. దానికి పాత నీలం తెలుపు జెండా ఉంది. "అది మా ఆయన లినార్డోస్‌ది. మన జెండా ఓడలో ఉండగా తుఫానొస్తే మొక్కుకున్నాడు, బతికొచ్చి ఇది కట్టాడు. పెళ్ళైన నాలుగో ఏట ఇంకో ఓడెక్కాడు. దానికి నోరు తిరగని దేశం జెండా ఏదో కట్టారు. ఆ ఓడ రాలేదు. ఏథెన్సు వెళ్ళి మీ ఆఫీసులో అడిగితే మా జెండా కాదమ్మా, మాకు తెలీదన్నారు. ఆ దేశానికి ఉత్తరం రాస్తే జవాబు లేదు. యాభై ఏడేళ్ళయింది. మళ్ళీ ఇంకోసారి ఆయన్ని పరాయి జెండా కింద పంపలేను నాయనా."

పాంటెలోస్ తల దించుకున్నాడు. కెమెరా వెనకున్నవాడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మంత్రిగారు సరిగ్గా ఆరు సెకన్లు ఆగి, చెయ్యెత్తారు.

"ఈ ఒక్క ఓడ చాలు! పది ఓడల పెట్టు! దీన్ని తనిఖీ చేసే అర్హత ఎవరికీ లేదు. జెరోనీసికి బోటు ఆగదు!"

చప్పట్లకి కొవ్వొత్తులు ఆరిపోయాయి. ఫానూరిస్ సిగ్గు విడిచి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రేవులో బోటు బయల్దేరే ముందు కార్యదర్శి అతన్ని పక్కకి పిలిచాడు. "ఆ పనామా ఫారం నలభై మూడు పంపారన్నారుగా. ఒకటి మిగిలుండాలే?"

"ఉందండి. ఎవరికి?"

"ఇలా ఇవ్వు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాల తర్వాత మంగళవారం నాడు 'జాతీయ వైభవం' ఠంచనుగా వచ్చింది. పేరు కొత్తగా పెయింటు వేశారు. లైఫ్ బోటులో టమాటాలు మాత్రం పాతవే, బాగా కాశాయి. ఫానూరిస్ వెనక కట్టిన జెండా చూశాడు. ఎరుపు గడి, నీలం గడి, రెండు నక్షత్రాలు, అచ్చం అవ్వ కుట్టిన వాటిలాగే. రిజిస్టరులో చూసింది చూసినట్టు రాసి, స్టాంపు కొట్టాడు.

బోటులోంచి ఉల్లిపాయలు దిగాయి, డాక్టరు దిగాడు, మరూకో అవ్వ పళ్ళు దిగాయి. వాటితోపాటు చరిత్ర మూడో సంపుటం కట్టలు దిగాయి. అట్ట మీద పేజీ నిండా ఒకటే ఫొటో. ఎత్తిన తెరచాపలతో, నీలం తెలుపు జెండాతో మహా గంభీరంగా సాగిపోతున్న ఓడ. కింద 'నేటి మన నౌకా వైభవం' అని బంగారు అక్షరాలు.

అవ్వ కొత్త పళ్ళు పెట్టుకుని, అద్దాలు సర్దుకుని, అట్ట మీద వేలితో పైకీ కిందకీ వెతికింది.

"ఇదేంట్రా ఫానూరీ, తాడు తీసేశారు? పడిపోదూ?"