చేపల పులుసులో అసిర్తికో

హలో, హలో! వినబడుతోందా? సిడ్నీ పక్క గిరావీన్ నుంచి వాసుదేవరావు అంకుల్‌ని. లైన్లో ఉన్నారుగా? ఒక్క మాట చెప్తా, రాసుకోండి. ఆస్ట్రేలియాలో ఉద్యోగం నిలవాలంటే కంప్యూటర్ కోర్సులు దండగ. ద్రాక్షల పేర్లు నేర్చుకోండి!

నవ్వకండి. ఆఫీసు పార్టీల్లో ఇక్కడివాళ్ళు వైన్ గ్లాసు తిప్పి, వాసన చూసి, "నిమ్మకాయ, తడిరాయి, సముద్రపు ఉప్పు" అంటారే, అదంతా సోది అనుకునేవాణ్ణి. కాదు, చదువు! రాయి రుచి మనం చెప్తే పిచ్చి, వాళ్ళు చెప్తే డిగ్రీ!

మా బామ్మర్ది శేషగిరికి మేనేజరు స్టావ్రోస్ అనే గ్రీకాయన. క్రిస్మస్‌కి అసిర్తికో అనే తెల్లద్రాక్ష వైన్ ఇచ్చాడు. వాళ్ళ శాంటోరిని దీవిలో గాలికి తట్టుకోవాలని ఆ తీగను బుట్టలా చుట్టి నేలకి ఆనించి పెంచుతారట. అచ్చం మన కాంట్రాక్టు కుర్రాళ్ళే, తల ఎత్తదు! చింత చచ్చినా పులుపు చావదంటాం కదా, దీనికి ఎండలో మాడినా చావదు.

కొత్త శతాబ్దం తేదీకి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెడితే, శేషగిరి ఏడాదిన్నర కూర్చుని ఆరువందల ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేశాడు. రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. "ఏమీ కాలేదుగా, మరి నువ్వు చేసిందేంటి?" అన్నాడు స్టావ్రోస్. శుక్రవారంతో కాంట్రాక్టు ఆఖరు. అది పోతే వీసా పోయినట్టే!

ఆ ముందు ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. వస్తూనే, "నా బాటిల్ ఏది మేట్? తెరుద్దాం!" అన్నాడు.

శేషగిరి భార్య వసంత నా చెవిలో, "అన్నయ్యగారూ, చింతపండు అయిపోయింది. చేపల పులుసులో పోసేశాను" అంది.

"ఎంతమ్మా?"

"మొత్తం. పులుపు ఎంత బాగా పట్టిందో!"

"కొంప ముంచావే!" అన్నాడు శేషగిరి.

ఇక దాచేదేముంది? ఉన్నమాట చెప్పేశాం. స్టావ్రోస్ ముఖం మాడింది. ఒక స్పూను నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "లెమన్... స్టోన్... సీ సాల్ట్!" అన్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. సోమవారం ఆర్వో కల్లా, అదే, మధ్యాహ్నానికల్లా, ఇంకో ఏడాదికి లెటర్ వచ్చేసింది!

చూశారా ద్రాక్ష మహిమ?

ఆ లెటర్‌ని శేషగిరి రెండుసార్లు చదివాడు. 'అందరితో బాగా కలిసిపోయే మనిషి' అని ఉందట. "ఆ ఆరువందల ప్రోగ్రాముల ఊసు ఎక్కడైనా ఉందేమో చూడు బావా" అని నా చేతికిచ్చాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా అటూ ఇటూ తిప్పి వెతికాను. లేదు.

దీన్ని రాసుకుని పదిమందికీ ఫార్వర్డ్ చేయండి. మేనేజర్లుంటే ముందు వాళ్ళకి. ఏమీ కాలేదంటే, కాకుండా చూసినవాడు ఒకడున్నాడని ఒక్క లైను రాయమనండి!