అమ్మ పేరు మీద రెండు నంబర్లు

ఆ ఆదివారం పొద్దున కళ్లద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లన్నీ సొంత సర్వర్‌లోకి ఎక్కించడం, తొమ్మిదింటికల్లా వెనకగది ఖాళీ చేసి బయటపడటం. పదకొండింటికి ఆ గదిలోకి ఆయన భార్య మొదటి పేషెంటు రాబోతున్నాడు. ఆలోగా అక్కడ ఒక్క వైరు ముక్క కూడా కనిపించకూడదని ఆమె ముందురోజే గట్టిగా చెప్పి ఉంచింది.

ఆయనకు మార్కెట్ వీధిలో కళ్లద్దాల షాపుంది. అందరూ కళ్లద్దాలాయన అనే పిలుస్తారు. అసలు పేరు ఆయనకే బిల్లు పుస్తకం చూస్తే తప్ప గుర్తుకు రాదు. మనిషి మంచివాడే. ఉన్న జబ్బల్లా కుతూహలం. ఏ వస్తువు కనిపించినా మూత విప్పి లోపలేముందో చూడందే ఊరుకోలేడు. షాపులో కూడా స్క్రూలు పైకి కనిపించే ఫ్రేములే ఎక్కువగా పెడతాడు. అతుకు తెలియని ఫ్రేము విరిగితే చేతిలో పట్టుకుని ఏడవడం తప్ప ఇంకేం చెయ్యలేమని వచ్చినవాళ్లకు చెబుతాడు.

మూడు నెలల కిందట ఈ కుతూహలం ఫోన్ మీదికి మళ్లింది. తన ఫొటోలూ నంబర్లూ దాచిపెట్టే కంపెనీవాళ్ల నిబంధనలు నలభై పేజీలూ పొల్లుపోకుండా చదివాడు. ఆ పని చేసినవాడు లోకంలో తానొక్కడేనేమోనని ఆయనకు ఇప్పటికీ అనుమానం. చదివాక తేలిందేమంటే, తన సంగతులేవీ తన దగ్గర లేవు. ఎక్కడో ఎవరిదో కంప్యూటర్‌లో ఉన్నాయి, దాని మూత విప్పి చూసే వీలు లేదు. అప్పట్నుంచి ఓపెన్ సోర్స్ అంటే పడి చచ్చిపోతున్నాడు. ఆ ప్రోగ్రాముల్లో లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, సొంత ఇంట్లో సొంత కంప్యూటర్ మీద నడుపుకోవచ్చు. షాపులో మూలపడ్డ పాత కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి, దుమ్ము దులిపి, వెనకగది గూట్లో పెట్టి సర్వర్ అని పేరు పెట్టాడు. నంబర్లు దాచుకునే ప్రోగ్రాములు పదకొండింటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. ఒకదాని గురించి ఇంటర్నెట్‌లో సందేహం అడిగితే ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో రెండు పేజీల జవాబు రాశాడు. ఆ జవాబును భోజనాల దగ్గర భార్యకు పూర్తిగా చదివి వినిపించాడు. ఆమె విన్నట్టే ఉంది.

ఆమె పదకొండేళ్లుగా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఎవరెవరివో మోకాళ్లూ భుజాలూ వంచీ ఎత్తీ అలసిపోయి, ఇంట్లోనే తనదంటూ ఒక గది తెరవాలని ఎన్నాళ్లుగానో కలగంటోంది. అందుకు ఉన్నది ఆ వెనకగది ఒక్కటే. వచ్చిన చిక్కల్లా ఆ గది మీద మరో ఇద్దరికి కన్నుండటమే.

ఒకరు ఆయన తల్లి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది. రెండోవారు ఆయన భార్య తల్లి, బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఇద్దరూ అదే ఊళ్లో ఎవరిళ్లలో వాళ్లు రాణుల్లా ఉన్నారు. కాకపోతే ఏమీ తోచడం లేదు. పైగా ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకరోజు క్యారమ్స్ ఆడుతుంటే, ఎర్ర కాయిన్ వేశాక దానికి తోడు ఇంకోటి పడిందా లేదా అన్న దగ్గర వచ్చిన పేచీ అది. పోయిన నెల ఇద్దరూ ఒకే వారంలో ఆ గదిలోకి వచ్చి ఉంటామన్నారు. క్లినిక్ అని చెబితే, ఉన్న ఉద్యోగం సరిపోదా అంటూ ఇద్దరూ పట్టుకుంటారని మొగుడూ పెళ్లాలకు భయం. ఆలోచించి ఆలోచించి ఒక అబద్ధం కనిపెట్టారు. మా అత్తగారు వస్తానంటోందని ఆయన తన తల్లికి చెప్పాడు. మా అత్తగారు వస్తానంటోందని ఆమె తన తల్లికి చెప్పింది. వాళ్లిద్దరూ మాట్లాడుకోరు కనుక ఈ అబద్ధానికి చావు లేదని ఇద్దరూ తమ తెలివికి మురిసిపోయారు కూడా.

ఇక ఆ పొద్దున సంగతి. ఆయన తన ఫోన్లోని నంబర్లను సర్వర్‌లోకి ఎక్కించాడు. తర్వాత భార్య ఫోన్లోవి ఎక్కించాడు. అప్పుడు ప్రోగ్రాం ఒక ప్రశ్న వేసింది: ఒకే పేరున్నవాటిని కలిపెయ్యమంటారా? కలిపితే ఏమవుతుందో చూద్దామనిపించింది. నొక్కాడు. జాబితా సగానికి సగం తగ్గి చక్కగా కుదురుకుంటే ముచ్చటపడ్డాడు. అదే జాబితా తిరిగి ఇద్దరి ఫోన్లలోకీ దిగింది.

మన ఇళ్లలో తల్లి నంబరును తల్లి పేరుతో ఎవరూ దాచుకోరు. ఆయన ఫోన్లో ఆయన తల్లి ‘అమ్మ’, భార్య తల్లి ‘అత్తయ్య’. భార్య ఫోన్లో సరిగ్గా తిరగేసి. ఎవరమ్మ ఎవరికి అమ్మో పాపం ప్రోగ్రాంకేం తెలుసు? రెండు ‘అమ్మ’లనూ ఒక్కటి చేసి ఆ పేరు కింద రెండు నంబర్లూ పెట్టింది. ‘అత్తయ్య’కూ అదే గతి పట్టించింది. పోయిన వారమే ఆయన ఇద్దరు తల్లుల ఇళ్లకూ వెళ్లి, ఇంటివాళ్లు మాట్లాడుకోవడానికి తానే ఏరి తెచ్చిన మెసేజ్‌ల ప్రోగ్రాం వాళ్ల ఫోన్లలో పెట్టి వచ్చాడు. అదేమో ఒక పేరు కింద ఎన్ని నంబర్లుంటే అన్నిటికీ మెసేజ్ పంపుతుంది. ఈ సౌకర్యం నచ్చే ఆయన దాన్ని ఎంచుకున్నాడు.

కొత్త ఏర్పాటు ఎలా ఉందో చూద్దామని తల్లికి ఒక మెసేజ్ పెట్టాడు. మోకాలెలా ఉంది, మాత్ర వేసుకున్నావా, గది సంగతి మాత్రం మళ్లీ ఎత్తకు, అత్తయ్య పట్టిన పట్టు విడవడం లేదు, ఆవిడ మొండితనం నీకు తెలిసిందేగా అని రాశాడు. వంటింట్లోంచి భార్య కూడా తన తల్లికి రాసింది: నడుం నొప్పి తగ్గిందామ్మా, నువ్వు బాగుంటేనే నాకు ధైర్యం, గది మాట మర్చిపో, అత్తయ్యతో నేను పడలేకపోతున్నాను.

రెండు మెసేజ్‌లూ ఇద్దరు తల్లులకూ చేరాయి.

ఆయన ఫోన్లో ‘అమ్మ’ నుంచి జవాబొచ్చింది. "నా మోకాళ్లకేం అల్లుడుగారూ, గుండ్రాళ్లలా ఉన్నాయి. మాత్రలెందుకు? ఇంతకీ నేనేం పట్టు పట్టాను?"

కళ్లద్దాలాయన ఆ జవాబును మళ్లీ చదివాడు. కన్నతల్లి కొడుకును పట్టుకుని అల్లుడుగారూ అంటోంది. మోకాళ్ల నొప్పి సంగతే మర్చిపోయింది. మతి తప్పిందనుకున్నాడు. వెంటనే "అమ్మా, నేనెవరో గుర్తుపట్టావా?" అని రాశాడు.

వంటింట్లో భార్యకూ అదే అవస్థ. ఆమె ‘అమ్మ’ ముందు, "నడుం నొప్పి లేదు తల్లీ. నీ మాట చాలు నాకు" అని రాసింది. రెండు నిమిషాలకు అదే ‘అమ్మ’, "నొప్పి అలాగే ఉంది. మీ అత్తగారి మీద నాకు ఒళ్లు మండిపోతోంది" అంది. తన తల్లి జన్మలో ఎవర్నీ తల్లీ అని పిలవలేదు. ఆమె ఫోన్ పట్టుకుని వెనకగదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఒకరి ఫోన్ ఒకరు చూసుకుని పాలిపోయారు. ఒకే పూట ఇద్దరు తల్లులకూ ఏదో అయిందనుకున్నారు. గాలిలో ఏమైనా ఉందేమో, కొళాయి నీళ్లేమైనా మార్చారేమో అని కూడా ఆయన ఆలోచించాడు.

భార్య వైద్యం చదివిన మనిషి కాబట్టి ఆసుపత్రిలో జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష ఒకటి గుర్తుతెచ్చుకుని ‘అమ్మ’కు పంపింది: ఈరోజు ఏ వారం? నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత? ‘అమ్మ’ నుంచి తొంభై మూడు అని ఒక జవాబు వచ్చింది, నాకే లెక్కలు చెబుతున్నావా అని ఇంకోటి వచ్చింది. మొదటిది బాగుంది, రెండోది ఏ రకం లక్షణమో ఆమె చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. పది దాటింది. ఆ గందరగోళంలో వైర్లు తియ్యడం సగంలో ఆగిపోయింది. మొదటి పేషెంటును రావద్దని చెప్పేద్దామా అని ఆయన అడిగితే, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేషెంటు మార్కెట్ వీధిలో బేకరీ యజమాని. కుడిచెయ్యి భుజం కంటే పైకి లేవక పై అరలో పెట్టిన రొట్టెల్ని కూడా అందుకోలేకపోతున్నాడు. ఆయన భుజం కుదుటపడితే వీధి వీధంతా తన గడప తొక్కుతుందని, ఇవాళ కాదంటే ఇక ఎప్పటికీ కాదని ఆమె అంది.

అక్కడ తల్లుల ఇళ్లలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నేనెవరో గుర్తుపట్టావా, ఈరోజు ఏ వారం అని పిల్లలు వరసపెట్టి అడుగుతుంటే, పెద్దవాళ్లకూ అదే అనుమానం వచ్చింది: పిల్లలకు మతి పోయింది. ఎక్స్ఛేంజి ఆవిడ కాసేపు గదిలో అటూఇటూ తిరిగి, ఆరేళ్ల పంతం పక్కన పెట్టి డ్రిల్లు టీచరుకు ఫోన్ చేసింది. మీకు కూడా వారాలు అడిగారా వదినగారూ అంటూ మొదలుపెట్టి, ఇద్దరూ మెసేజ్‌లన్నీ మొదట్నుంచి చదువుకున్నారు. లైన్లు కలిసిపోవడమంటే ఏమిటో ముప్ఫై ఏళ్లు చూసిన మనిషి ఆవిడ. పది నిమిషాల్లో విషయం పట్టేసింది. ఆ వెంటే అబద్ధం కూడా పట్టేసింది.

ఇక్కడ కళ్లద్దాలాయన ప్రోగ్రాం వాడే విధానం మొదటి పేజీ నుంచి చదువుతూ పదిన్నరకు ‘పేర్లు కలపడం’ అనే చోటికి వచ్చాడు. జాబితా తెరిచి ‘అమ్మ’ను నొక్కాడు. రెండు నంబర్లు. ‘అత్తయ్య’ను నొక్కాడు. అవే రెండు నంబర్లు.

"వాళ్లకేం కాలేదు," అన్నాడు భార్యతో. "మనకే అయింది."

ఆమె తాను రాసిన మొదటి మెసేజ్ మళ్లీ చదువుకుంది. అత్తయ్యతో నేను పడలేకపోతున్నాను. ఆ వాక్యం అత్తయ్యకే చేరిందని అర్థమయ్యేసరికి అక్కడే స్టూలు మీద కూలబడింది. ఇంకేముంది, గది పోయిందనుకుంది. ఇంత అబద్ధం ఆడి దొరికిపోయాక ఏ మొహం పెట్టుకుని వద్దంటాం, ఇద్దరిలో ఒకరు పెట్టె సర్దుకుని వచ్చి కూర్చుంటారు అని సిగ్గుతోనూ దిగులుతోనూ ఏడ్చేసింది. ఆయన మిగిలిన వైర్లు ఒక్కొక్కటే చుట్టి గూట్లో పెట్టడం మొదలుపెట్టాడు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే తల్లులిద్దరూ ఉన్నారు. వాళ్ల మధ్య బేకరీ యజమాని ఉన్నాడు. మెట్ల మీద కలిశాడట. ఆయన చెయ్యి ఎంతవరకు లేస్తుందో డ్రిల్లు టీచరు అప్పటికే ఒకసారి లేపించి చూసింది.

క్లినిక్ సంగతి కూడా అక్కడే ఆ పేషెంటు నోటి నుంచే వాళ్లకు తెలిసింది. బేకరీ యజమానిని హాల్లో కూర్చోబెట్టి, ఎక్స్ఛేంజి ఆవిడ కోడలి వెంట వెనకగదిలోకి వచ్చింది. కోడలు తలెత్తలేదు.

"నడుం నొప్పి నాది కాదు. ఆ ముక్క చదవగానే ఇది నాకు రాసింది కాదని తెలిసిపోయింది," అంది ఆవిడ. "అయినా అమ్మా అని ఉంది. నువ్వు కోడలిగా వచ్చిన పదకొండేళ్లకు ఆ పిలుపు వచ్చింది. రాంగ్ నంబరని పెట్టెయ్యబుద్ధి కాలేదు."

"మీతో పడలేకపోతున్నానన్నది కూడా చదివారా అత్తయ్యా?"

"చదివాను. అదీ నాకు రాసింది కాదుగా."

కోడలు ఆవిడ చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. క్లినిక్ కోసమని ఒక్క మాట చెబితే నేనే గది ఊడ్చి పెట్టేదాన్ని కదే అని ఆవిడ మందలించింది. గది మాకెవరికీ వద్దు, మెట్ల మీదే అనుకున్నాం, ముందు మొహం కడుక్కో, పేషెంటు ఎదురుచూస్తున్నాడు అంది. గుమ్మంలో నిలబడి వింటున్న కళ్లద్దాలాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే సర్వర్ ముందు కూర్చుని పేర్లు విడదియ్యబోతే తల్లి ఆపింది. ఇలాంటివి నీకు అచ్చిరావు, లే అని తానే కుర్చీలో కూర్చుని, ఇది ఎలా పనిచేస్తుందో చెప్పమంది. ఆవిడకూ కుతూహలం తక్కువేం కాదని, అది తనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నాళ్లూ ఆలోచించలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

బేకరీ యజమాని భుజం మూడు వారాల్లో కుదుటపడింది. అనుకున్నట్టే మార్కెట్ వీధి మొత్తం ఆ ఇంటికి కదిలింది. ఫోన్లు ఎత్తి వేళలు ఇచ్చేది ఎక్స్ఛేంజి ఆవిడ. సర్వర్ కూడా ఆవిడదే, పాస్‌వర్డ్ మార్చేసింది, కొడుకు అడిగితే నీకెందుకంది. హాల్లో సోఫాలు గోడవారకు జరిపి, వచ్చినవాళ్లందరినీ వరసగా నిలబెట్టి వ్యాయామం చేయించేది డ్రిల్లు టీచరు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి, వంటింటి పెత్తనం కూడా చూసుకుని, రాత్రి భోజనాలయ్యాకే ఇద్దరూ వెళతారు. కళ్లద్దాలాయన తన కాఫీ తానే కలుపుకుని, వీధి మెట్ల మీద కూర్చుని తాగుతున్నాడు.

గది మాత్రం ఆ తర్వాత ఎవరూ అడగలేదు.