నీడల బదిలీ

దేశంలోని నీడలన్నీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని చట్టం వచ్చిన నాటి నుంచి, పొద్దు గుంకగానే ఎవరి నీడ వాళ్ళను వదిలి ఢిల్లీ వెళ్ళడం, పగలంతా చూసిందీ విన్నదీ అక్కడ చెప్పడం, తెల్లారేసరికి తిరిగొచ్చి యజమాని కాళ్ళకు అంటుకోవడం మామూలైపోయింది. సూర్యుడు ఏ ఒక్క రాష్ట్రానికీ చెందడు కాబట్టి, ఆయన వల్ల పడే నీడా చెందదని చట్టంలో రాశారు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదని మన వకీళ్ళే ఒప్పుకున్నారు. చీకట్లో నలుగురు కూడటం నేరమన్నారు. జనం దానికీ సర్దుకున్నారు.

వకుళ సచివాలయంలో ప్రోటోకాల్ అధికారి. ముఖ్యమంత్రి ఎక్కడికి వెళితే అక్కడ కుర్చీలు, శాలువాలు, పూలగుత్తులు చూసుకునే ఉద్యోగం. ఆమె భర్త జానకిరాం కాలేజీ లెక్చరర్. ఒక మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, టీవీలో కేంద్రమంత్రి ప్రసంగం వింటూ నవ్వాడు. ఆయన నీడ ఆ నవ్వును ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడు పోలీసులొచ్చి, మర్యాదగానే, ఉత్తరాదిలో భాష తెలియని జైలుకు తీసుకెళ్ళారు. రాష్ట్రాల హక్కుల గొడవ వకుళకు ఎప్పుడూ పట్టలేదు. మొగుడు ఇంటికి రావాలి, అంతే.

అందుకే నీడలు ఢిల్లీ పోయిన ఒక రాత్రి ముఖ్యమంత్రి తిరుగుబాటు మాట ఎత్తగానే ఏర్పాట్లు తను చూస్తానంది. రాష్ట్రంలో పడిన నీడ రాష్ట్రానిదే అని బిల్లు. అది నెగ్గితే నీడల సాక్ష్యంతో జైలుపాలైన వాళ్ళ కేసులన్నీ రాష్ట్రం చేతికి వస్తాయి. జానకిరాం కేసు తనే చూస్తానని ఆయన మాటిచ్చాడు. అయితే గెజిట్ అచ్చయ్యేలోపు ఢిల్లీకి తెలిస్తే ప్రభుత్వమే ఉండదు. మే నెల మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికొస్తాడు. ఆ కాసేపు నీడ పాదాల కింద అణిగిపోతుంది, దానికేమీ వినబడదు. కాలవ తనిఖీ అని చెప్పి ఎమ్మెల్యేలందర్నీ రెంటచింతలలో చెట్టూ చేమా లేని మైదానానికి రప్పించారు. ఆ ఎండలో నిలబడటానికి ఎవరూ సాహసించరు గనుక అదే క్షేమమైన చోటు.

ముఖ్యమంత్రి బిల్లు చదువుతున్నాడు. బట్టతలలు కాలిపోతున్నా ఎవరూ కదల్లేదు. చేతులు ఒక్కొక్కటే లేస్తుంటే వకుళ ఊపిరి బిగబట్టి లెక్కేసుకుంటోంది. సరిగ్గా అప్పుడు అందరి మీదా చల్లగా నీడ పడింది. కొందరు హాయిగా నిట్టూర్చారు కూడా. స్థానిక ఎమ్మెల్యే యల్లమంద మనుషులు నాలుగు వైపులా గుంజలు పట్టుకుని, సభ నెత్తిన షామియానా ఎత్తారు.

"ఎంత పని చేశారండీ," అంది వకుళ.

"ముఖ్యమంత్రిగారు మా ఊరొచ్చి ఎండలో నిలబడితే, రేపు నేను జనానికి మొహం ఎట్టా చూపిచ్చాలమ్మా?" అన్నాడు యల్లమంద. చేతిలో శాలువా కూడా ఉంది. ఇంకెక్కడైనా అయితే వకుళ కూడా అదే పని చేసేది.

షామియానాను అప్పటికప్పుడే దించేశారు. కానీ దాని నీడ నేలమీదే ఉండిపోయింది. బిల్లు సగం నుంచీ అన్నీ విన్నది కదా, సాయంత్రం బయల్దేరాల్సిన నీడ అది. పోలీసులు చుట్టూ తాడు కట్టి కాపలా నిలబడ్డారు. పొద్దు గుంకితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని వాళ్ళకీ తెలుసు. ఎమ్మెల్యేలు ఫోన్లు చూసుకుంటూ ఒక్కొక్కరే కార్ల వైపు జారుకుంటున్నారు. జానకిరాం ఇక రాడని వకుళకు అర్థమైంది. ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా యల్లమంద చేతిలోని శాలువా లాక్కుని, వెళ్ళి ఆ నీడకు కప్పింది. నమస్కారం పెట్టి, తమకేం కావాలో సెలవియ్యమంది.

"రోజూ అంత దూరం పోయి రాలేకపోతున్నామమ్మా," అంది నీడ. "చెప్పుకునే చోటేదో ఇక్కడే, దగ్గర్లో ఏర్పాటు చేయించండి."

ముఖ్యమంత్రి నిలబడ్డచోటే ఉత్తర్వు రాయించాడు. జారుకుంటున్న ఎమ్మెల్యేలు వెనక్కొచ్చి మిగతా చేతులూ ఎత్తారు. ఆ సాయంత్రం రాష్ట్రంలోని నీడ ఒక్కటి కూడా ఢిల్లీ వెళ్ళలేదు. తెల్లారేసరికి గెజిట్ అచ్చయింది. ఊరూరా టపాకాయలు పేలాయి. యల్లమందకు నీడల శాఖ ఇచ్చారు.

కేసులన్నీ అన్న మాట ప్రకారం రాష్ట్రానికి వచ్చాయి. జానకిరాం నీడ చెప్పింది మొదటి నుంచీ చదివితే, ఆయన ముఖ్యమంత్రి ప్రసంగానికి కూడా నవ్వాడని తేలింది. వకుళ వెళ్ళి అడిగింది. ముఖ్యమంత్రి ఆమెను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, చట్టం అందరికీ ఒకటేగా తల్లీ అన్నాడు. అయినా ఆమె సేవలను మరిచిపోలేదు. జానకిరాంను సొంత ఊరి జైలుకే మార్పించాడు. అక్కడ తెలుగులోనే తిడతారు.

ఇంటి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. ప్రతి ఆదివారం వకుళ పప్పు, గోంగూర పచ్చడి పట్టుకెళుతోంది. మొన్న వెళ్ళినప్పుడు, నీడకు శాలువా కప్పిన సంగతి ఆయనకు చెప్పింది. వింటుంటే జానకిరాం పెదాలు వణికాయి, భుజాలు కదిలాయి. కిటికీలోంచి ఎండ పడుతోంది. గచ్చు మీద ఇద్దరి నీడలూ పక్కపక్కనే ఉన్నాయి. వకుళ గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నవ్వకండి," అంది. "ఇప్పుడున్నది మన ప్రభుత్వం."

నిజమే అన్నట్టు ఆయన తలూపాడు.