డెల్వార్ట్‌లో చెదిరిన సమతూకం

ఎంచుకునే స్వేచ్ఛలో అమెరికాను మించిన దేశం లేదు. అక్కడ పళ్లు తోముకునే పేస్టుకే దుకాణంలో ఒక వరస మొత్తం కేటాయిస్తారు. పిల్లి తిండిలో ముసలి పిల్లికి వేరు, అలిగే పిల్లికి వేరు. ఇంతటి స్వేచ్ఛతో అలసిపోయిన పౌరులకు ఒక్కచోటైనా విశ్రాంతి ఉండాలన్న దయతో, అధ్యక్షుడి విషయంలో మాత్రం ఇద్దరితో సరిపెడతారు. (మిగతావాళ్లూ ఉంటారు. వాళ్ల పేర్లు ఓటు కాగితం అడుగున, మడత పడే చోట ఉంటాయి.)

అయోవాలోని డెల్వార్ట్ ఊరు ఈ ఏర్పాటుకు చక్కగా అలవాటు పడింది. అక్కడ ఎవరూ ఒకరు రావాలని ఓటు వేయరు, రెండోవాళ్లు రాకూడదని వేస్తారు. ప్రతి ఇంట్లోనూ భార్యకు ఒక అభ్యర్థి అంటే భయం, భర్తకు ఇంకొకరంటే భయం. ఇద్దరూ ఒకే కారులో పోలింగు జరిగే చర్చికి వెళ్లి, కింది గదిలో ఒకరి ఓటును ఒకరు రద్దు చేసుకుని, పక్క బల్ల మీద అమ్మే ఆపిల్ పై అనే తీపి రొట్టె తిని ఇంటికొస్తారు. అందువల్ల ఊరి ఫలితం ఎప్పుడూ సరిసమానం. ఆ పరువు కాపాడటానికి కౌంటీ ఒక సమతూక పర్యవేక్షకుణ్ణి కూడా నియమించింది. ఆయన పేరు మెర్ల్ ప్రొహాస్కా.

ఆ ఏడు మొక్కజొన్న కోతలు మొదలవకముందే వెర్లిన్ హాల్వర్సన్ చనిపోయాడు. ఆయన భార్య ఆర్డిస్ రిటైరైన బడిపంతులమ్మ. ఇంతకాలం ఆమె నిశ్చింతగా ఓటు వేసింది. పక్క ఓటింగు అరలో వెర్లిన్ నిలబడి ఉండేవాడు కాబట్టి తన ఓటు వల్ల ఎవరికీ ఏమీ కాదని ఆమెకు తెలుసు. ఇప్పుడది మొదటిసారి లెక్కలోకి వస్తుంది. తనకు నచ్చని ఇద్దరిలో ఒకరిని తానే నెగ్గించినట్టవుతుంది. అంతకన్నా కష్టమైన సంగతి, వెర్లిన్ ఓడిపోతాడు. తిరిగి ఒక్క మాట అనే వీలు కూడా లేకుండా.

పోలింగు రోజు ఆమె చర్చి మెట్లు దిగి మెర్ల్ బల్ల ముందు నిలబడింది. మెర్ల్ మూడో తరగతి ఆమె దగ్గరే చదివాడు.

"రండి టీచరమ్మా. వెర్లిన్ గారి సంగతి... ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు."

"నాకూ అంతేలే. నా ఓటు సంగతి చూడు."

"అదే ఇబ్బంది. మీకు ఎదురు ఓటు లేదు."

"ఎవరినైనా సర్దలేవా?"

"చూశానండీ. ధాన్యం గోదాము దగ్గర ఎప్పుడూ ఓటు వెయ్యని ఒక బ్రహ్మచారి ఉన్నాడు గానీ, ఆయనదీ మీ భయమే."

"ఖాళీ కాగితం వేస్తే?"

"మిషను మింగదు. బయటికి కక్కేస్తుంది."

"నచ్చిన పేరు రాసుకోవడానికి అడుగున ఒక ఖాళీ గీత ఉంటుందిగా. వెర్లిన్ పేరు రాసేస్తాను."

"చనిపోయినవాళ్లు పోటీ చెయ్యకూడదు టీచరమ్మా. ఓటు కూడా వెయ్యకూడదు. ఈ రెండోదాంతోనే వచ్చింది చిక్కంతా."

"మరి ఇద్దరూ నచ్చనివాళ్లు ఏం చెయ్యాలిరా?"

మెర్ల్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఫిర్యాదు పెట్టుకోవచ్చండీ. మొదటి అభ్యర్థి మీద పెట్టొచ్చు, లేదా రెండో అభ్యర్థి మీద."

"ఎక్కాలప్పుడూ ఇంతే నువ్వు. జవాబు రాకపోతే ప్రశ్నే మళ్లీ చదివేవాడివి."

"అది చూసే ఈ ఉద్యోగం ఇచ్చారండీ." అతను గొంతు తగ్గించాడు. "నా మాట విని ఆపిల్ పై తినేసి ఇంటికెళ్లిపోండి. మీరిద్దరూ రానట్టే. సమానంగానే ఉంటుంది."

అది న్యాయమైన సలహా. ఆర్డిస్ బయల్దేరింది కూడా. అంతలో ఎడమ పక్క అర కనబడింది. వెర్లిన్ ఎప్పుడూ అక్కడే నిలబడేవాడు. గుర్తు పెట్టేముందు, ఉపన్యాసం ఇవ్వబోయేవాడిలా గొంతు సవరించుకునేవాడు. ఆయనకూ తన అభ్యర్థి ఇష్టం లేదు, అవతలి మనిషి ఇంకా ఇష్టం లేదు, అంతే. పెళ్లయిన దగ్గర్నుంచీ వంటింట్లో ఆమె ఆయన్ని ఒక్క వాదనలోనూ నెగ్గనివ్వలేదు.

ఆమె వెనక్కి తిరిగి కాగితం తీసుకుంది. ఎడమ అరలోకి వెళ్లి, తన కుడిచేత్తో వెర్లిన్ ఓటు వేసింది.

గుమ్మం దగ్గర, ఓటేసి వచ్చేవాళ్లను ఎవరికి వేశారని అడిగే సర్వే అమ్మాయి పలకలాంటి తెరతో ఎదురొచ్చింది. ఆర్డిస్‌కు అబద్ధం చెప్పే అలవాటు లేక, ఎవరికి వేసిందో చెప్పేసింది.

"ఆయనకే ఎందుకు వేశారండీ? విధానాలు నచ్చా, వ్యక్తిత్వం నచ్చా?"

"మా ఆయన కోసం వేశానమ్మా. సెప్టెంబరులో పోయాడు."

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయ్యో, సారీ అండీ." తెర మీద పైకీ కిందికీ వెతికింది. "అది ఇందులో లేదండీ. రెండిట్లో ఒకటి నొక్కితేగానీ తర్వాతి ప్రశ్న రాదు."

"ఏమిటి తర్వాతి ప్రశ్న?"

"మీకు పెళ్లయిందా అని."

"వ్యక్తిత్వం అని నొక్కమ్మా," అంది ఆర్డిస్. ఆమె మనసులో ఉన్నది వెర్లిన్ వ్యక్తిత్వం.

మర్నాడు పొద్దున రేడియోలో ఫలితం చెప్పారు. డెల్వార్ట్‌లో ఒక్క ఓటు ఆధిక్యం. ఇన్నేళ్ల ఊగిసలాట తర్వాత ఆ ఊరి ప్రజలు తనకు తిరుగులేని తీర్పు ఇచ్చారని గెలిచిన అభ్యర్థి కృతజ్ఞతలు తెలిపాడు. భర్త పోయిన ఆడవాళ్లలో ఆయన వ్యక్తిత్వం పట్ల ఆకర్షణ నూటికి నూరు శాతం ఉందని నిపుణులు తేల్చారు.