సబ్బాతుకి ఒకే గడి

రెండువేల ఏళ్లుగా పాదిరీలు, పండితులు, సంఘపెద్దలు కూర్చుని తేల్చలేకపోయిన ప్రశ్నని ఒక పెద్దాస్పత్రి సమయపాలన విభాగం నలభై సెకన్లలో తేల్చేసింది. క్రైస్తవులు పని మాని పాటించాల్సిన విశ్రాంతి దినం, అంటే సబ్బాతు, శనివారమా, ఆదివారమా అన్నదే ఆ ప్రశ్న. కొత్తగా పెట్టిన హాజరు యాప్‌లో 'మతం' అన్న గడిలో 'క్రైస్తవం' అని నొక్కగానే, కింది గడిలో 'పవిత్ర దినం: ఆదివారం' అని దానంతటదే పడేది. పక్కన ఆకుపచ్చ టిక్కు. (ఆ యాప్ తయారుచేసినవాళ్లు అంతకుముందు కార్ల పార్కింగుకి యాప్‌లు చేసేవాళ్లు. ఎవరికైనా ఒకే చోటు కేటాయించడం వాళ్లకి చేతికొచ్చిన విద్య.)

దీనివల్ల ప్రపంచ క్రైస్తవ్యానికి జరిగిన మేలు సంగతి అలా ఉంచితే, ఆస్పత్రి నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ఇద్దరు తోడికోడళ్లకి మాత్రం కొంప మునిగింది.

చిన్నకోడలు ఉతికే యంత్రాల దగ్గర పనిచేసేది. పెద్దకోడలు రోలర్ ఇస్త్రీ దగ్గర. తడి దుప్పటిని ఇటు అందిస్తే అటు పలకలా తీసే ఆ యంత్రం పెద్దకోడలి మాట తప్ప ఇంకెవరి మాటా సరిగ్గా వినేది కాదు. చిన్నకోడలు నడిపితే అంచులు కొంచెం ముడుచుకునేవి, అయినా పని జరిగిపోయేది. ఎందుకంటే చిన్నకోడలు దాన్ని ప్రతి శనివారం నడిపేది.

పెద్దకోడలిది శనివారం సంఘం. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం పొద్దుగుంకేదాకా ఆవిడ పని ముట్టదు. చిన్నకోడలిది ఆదివారం సంఘం. ఇద్దరికీ ఒకే బైబిలు, ఒకే అత్తగారు, ఒకే వంటగది. శనివారం అక్క యంత్రం చెల్లి చూసుకునేది, ఆదివారం చెల్లి యంత్రం అక్క చూసుకునేది. పదకొండేళ్లుగా లాండ్రీ ఒక్కరోజు ఆగలేదు.

అలాగని ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉందనుకుంటే పొరపాటే. దుప్పటి మడిచేటప్పుడు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టుకుని రోజూ వాదించుకునేవాళ్లు.

"ఏడో రోజు అని రాసుందా లేదా? లెక్కపెట్టడం వచ్చా నీకు?" అనేది పెద్దకోడలు.

"యేసుప్రభువు సమాధిలోంచి లేచింది ఏ రోజక్కా? ఆదివారం పొద్దున్న కాదూ?" అనేది చిన్నకోడలు.

"లేచాడు. నేను కాదన్నానా? లేచి, రోజు మార్చుకోండని ఎక్కడ చెప్పాడు?"

"శిష్యులు కూడుకుంది ఏ రోజు మరి?"

మడత మడతకీ ఇద్దరూ దగ్గరికొచ్చి, చివరికి ముక్కూ ముక్కూ తగిలేంత దూరంలో నిలబడేవాళ్లు. దుప్పటి మడతపడేది, వాదన పడేది కాదు. మళ్లీ ఇంకో దుప్పటి తీసేవాళ్లు.

వాళ్ల అత్తగారిని ఎవరైనా అడిగితే, "ఒకతె శనివారం పని ముట్టదు, ఒకతె ఆదివారం ముట్టదు. ఏరోజు చూసినా పొయ్యి దగ్గర ఎవరో ఒకరున్నారు. నాకేం లోటు?" అనేది.

యాప్ వచ్చిన మొదటి శనివారం పెద్దకోడలు ఎప్పట్లాగే ప్రార్థనకి వెళ్లింది. సాయంత్రం ఫోన్ చూసుకుంటే 'అకారణ గైర్హాజరు: ఒకటి. మూడైన పక్షంలో సేవలు ముగియును' అని ఉంది. అది పొరపాటేలెమ్మనుకుంది. మర్నాడు చిన్నకోడలు గుడిలో పాట మధ్యలో ఉండగా ఫోన్ కొట్టుకుంది.

"గేటు నన్ను లోపలికి రానివ్వట్లేదే" అంది పెద్దకోడలు అవతలనుంచి.

చిన్నకోడలు పాట వదిలేసి పరిగెత్తింది. వెళ్లి చూస్తే పెద్దకోడలు టిఫిన్ క్యారేజీ పట్టుకుని గేటు ముందు నిలబడుంది. కార్డు పెట్టినప్పుడల్లా గేటు మీది తెరలో ఒకటే మాట వస్తోంది: 'నేడు మీరు విశ్రాంతిలో ఉన్నారు.'

"నేనేం విశ్రాంతిలో లేను. గంటన్నర నుంచి నిలబడే ఉన్నాను" అని పెద్దకోడలు గేటుకి చెప్పింది. గేటు చెవిన వేసుకోలేదు.

లోపల రెండు యంత్రాలూ ఖాళీగా ఉన్నాయి. లాండ్రీ మేస్త్రీ కిందనుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆపరేషన్ గదులవాళ్లు దుప్పట్లకోసం అతని ప్రాణం తోడేస్తున్నారట. దుప్పట్లు ఉతకాల్సిన ఇద్దరూ గేటు బయట, క్రైస్తవులైన నేరానికి, విశ్రాంతి తీసుకుంటున్నారు.

సోమవారం ఇద్దరూ సమయపాలన అధికారి దగ్గరికి వెళ్లారు. ఆయన మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. (కుర్చీ ఒక్కటే ఉంది, అందుకని ఇద్దరూ నిలబడ్డారు.)

"చూడండమ్మా, మీ భక్తిని మేం కాదనడంలేదు. వారానికి ఒక పవిత్ర దినం ఇస్తున్నాం కదా. మీరు క్రైస్తవం అని నొక్కారు, క్రైస్తవానికి ఆదివారం."

"మాది శనివారం సార్" అంది పెద్దకోడలు.

"అయితే 'ఇతరులు' అని నొక్కండి. ఇతరులకి ఏ రోజైనా ఎంచుకునే సౌకర్యం ఉంది."

పెద్దకోడలి గొంతు ఎప్పుడూ యంత్రాల హోరు దాటి వినిపించేంత పెద్దది. ఇప్పుడు మాత్రం పక్కనున్న చిన్నకోడలికే సరిగా వినపడలేదు.

"నేను ఇతరులు కాదు సార్" అంది.

ఆయన కొంత ఇబ్బంది పడ్డాడు. అలాంటివాళ్లకోసం కూడా ఏర్పాటుందని చెప్పి, 'పవిత్ర దిన మార్పిడి దరఖాస్తు' తీశాడు. నాలుగు పేజీలు. సబ్బాతు శుక్రవారం పొద్దుగుంకడంతో మొదలవుతుందని పెద్దకోడలు చెబితే, "సూర్యుడు ఏ విభాగం కిందికి వస్తాడో కనుక్కోవాలి" అని అంచున రాసుకున్నాడు. చివరి పేజీలో, అదే విభాగంలోని, అదే మతానికి చెందిన మరో ఉద్యోగి సంతకం కావాలి. 'సదరు దినమే మా మతమునకు సరియైన పవిత్ర దినమని నా మనస్సాక్షిగా ధ్రువీకరించుచున్నాను.'

లాండ్రీలో మరో క్రైస్తవ ఉద్యోగి ఒక్కతే ఉంది.

ఆ సాయంత్రం వంటగదిలో దరఖాస్తు ఇద్దరి మధ్యా బల్ల మీద పడుంది. చిన్నకోడలు కలం తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"అక్కా, నీకు శనివారం ఇప్పించడానికి ఎవరి కాళ్లయినా పట్టుకుంటాను. ఎన్ని దుప్పట్లయినా ఉతుకుతాను. కానీ శనివారమే సబ్బాతని మనస్సాక్షిగా ఎలా పెట్టను సంతకం? నేను నమ్మను కదా."

"పెట్టొద్దు" అంది పెద్దకోడలు.

"కోపమా?"

"కోపమెందుకే? పెడితే కోపమొచ్చేది. ఉద్యోగం కోసం నువ్వు దేవుడి దగ్గర అబద్ధమాడితే, ఇన్నాళ్లూ నేను వాదించింది ఎవరితోననుకోవాలి?"

ఆ మాటకి చిన్నకోడలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తెల్లకాగితం తీసుకుని ఉత్తరం రాసింది. 'అయ్యా, శనివారం సబ్బాతు కాదని నా నమ్మకం. మా అక్కకి శనివారం సెలవు ఇవ్వాలని నా మనవి. రెండూ నిజమే. ఆవిడ బదులు ఆ రోజు నేను పని చేస్తాను, నా బదులు ఆదివారం ఆవిడ చేస్తుంది. మీరేమీ చెయ్యనక్కర్లేదు.'

ఉత్తరం చదివిన కార్యాలయంలో కలకలం పుట్టింది. మొదటి వాక్యం రెండో వాక్యాన్ని ఖండిస్తోందని ఒక గుమస్తా గుర్తించాడు. చివరి వాక్యం మరీ ఆందోళనకరంగా ఉందన్నారు. (కార్యాలయం ఏమీ చెయ్యకుండా ఒక సమస్య పరిష్కారం కావడమన్నది నిబంధనల్లో ఎక్కడా లేదు.) ఈలోగా రెండో శనివారం కూడా గడిచి, పెద్దకోడలి లెక్క రెండుకి చేరింది. దాంతో విషయం తేలేదాకా లెక్క ఆపి, ముగ్గురితో 'పవిత్ర దిన నిర్ధారణ సంఘం' వేశారు. అధ్యక్షుడు దుప్పట్ల నిల్వ అధికారి. సభ్యుల్లో ఒకావిడ గణాంకాల అధికారిణి. సూర్యాస్తమయం వెలుతురుకి సంబంధించింది కాబట్టి మూడోవాడు విద్యుత్ ఇంజనీరు. నిష్పక్షపాతంగా ఉండేందుకు ముగ్గురిలో ఎవరికీ బైబిలు తెలియకుండా జాగ్రత్త పడ్డారు.

విచారణ శనివారం ఉదయం పదకొండింటికి పెట్టారు.

"ఆవిడ శనివారం రాదు సార్. అదే కదా గొడవ" అని చిన్నకోడలు మొత్తుకుంది.

"రాకపోతే ఆసక్తి లేదని రాసుకుంటాం. బలవంతమేం లేదు" అన్నాడు సమయపాలన అధికారి.

శనివారం పదకొండింటికి పెద్దకోడలు తన గుడిలో ఉంది. చిన్నకోడలు రోలర్ యంత్రం ఆపి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ రెండంతస్తులెక్కి సంఘం ముందుకొచ్చింది.

"మీరెవరు?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆవిడ తోడికోడల్నండి. ఆవిడ తరఫున శనివారం గురించి నేను చెబుతాను."

చెప్పింది. మొదట తడబడింది, తర్వాత మాట దొరికింది. పదకొండేళ్లుగా దుప్పటి అవతలి కొసనుంచి విన్నవన్నీ వరసన వచ్చేశాయి. ఏడో రోజుని దేవుడే పవిత్రం చెయ్యడం, దాన్ని మర్చిపోవద్దని రాతిపలక మీద రాసివ్వడం, యేసు కూడా ఆ రోజునే ప్రార్థనకి వెళ్లడం, మార్చమన్న ఆజ్ఞ ఎక్కడా లేకపోవడం. అక్క ఎక్కడ గొంతు పెంచుతుందో అక్కడే పెంచింది. 'లెక్కపెట్టడం వచ్చా మీకు' అనబోయి ఆపుకుంది. మధ్యలో ఒకచోట, అక్క ఎప్పుడూ సరిగా చెప్పలేక తను గెలిచే చోట, తనకే మంచి జవాబు తట్టింది. అక్కకోసం అదీ చెప్పేసింది.

గణాంకాల అధికారిణి రాయడం ఆపి చూస్తూ ఉండిపోయింది. "ఇంత గట్టిగా చెప్పారు. అయితే మీరూ శనివారమే నమ్ముతారా?"

"లేదండీ. ఒక్క ముక్క నమ్మను. నాది ఆదివారం."

"మరి ఆదివారానికి ఆధారాలు?"

చిన్నకోడలు అవీ చెప్పింది. అంతే గట్టిగా చెప్పింది.

సంఘం తల పట్టుకుంది. రెండు వాదనలూ సరిసమానంగా ఉన్నాయని అధ్యక్షుడు నిర్ధారించాడు. ఇద్దరికీ ఎవరి రోజు వాళ్లకి ఇచ్చేస్తే పోదా అని ఇంజనీరు అడిగాడు గానీ, అలా ఇస్తే సంఘం ఏమి నిర్ధారించినట్టని అధ్యక్షుడు అడిగేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు గణాంకాల అధికారిణి ఒక కాగితం మీద వారం గీసింది. ఆదివారం తర్వాత మూడో రోజు బుధవారం. శనివారానికి మూడు రోజుల ముందు కూడా బుధవారమే. రెండింటికీ సమాన దూరం. పైగా ఆస్పత్రిలో దుప్పట్లు తక్కువ మాసేది కూడా బుధవారమేనని గత నాలుగేళ్ల పట్టికలు చెబుతున్నాయి.

వారం తిరక్కుండా ఆదేశం వచ్చింది. 'ఉభయ పక్షముల మనోభావములను సమానముగా గౌరవించుచూ, క్రైస్తవ ఉద్యోగులందరికీ పవిత్ర దినము బుధవారముగా నిర్ణయించడమైనది.'

"బుధవారమా? ఆ రోజు ఏం జరిగిందట?" అంది పెద్దకోడలు.

"ఏం జరగలేదక్కా. అందుకే ఇచ్చారు."

లాండ్రీ మేస్త్రీ మాత్రం, బుధవారం ఇద్దరూ రాకపోతే యంత్రాలు ఎవరు నడుపుతారని పైకి ఉత్తరం రాశాడు. ఆ విషయం పవిత్ర దిన సంఘం పరిధిలోకి రాదని జవాబొచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక పెద్దకోడలు రోలర్ యంత్రాన్ని ఎప్పటికంటే శుభ్రంగా తుడిచింది. చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసి, పొద్దుగుంకకముందే ఇంటికి వెళ్లిపోయింది. శనివారం ప్రార్థన అయ్యేసరికి ఫోన్‌లో సందేశం ఉంది. 'మీ సేవలకు ధన్యవాదములు. ఇకపై మీకు వారంలో ఏడు రోజులూ విశ్రాంతి దినములే.'

ఆ మర్నాడు ఆదివారం. చిన్నకోడలు గుడికి వెళ్లింది. తర్వాతి ఆదివారం కూడా వెళ్లింది. వెళ్లొద్దని పెద్దకోడలే బతిమాలింది. "నా ఉద్యోగం ఎలాగూ పోయింది, నీదైనా ఉండనీ. నాలుగు వారాలు చూసి ఆ ఆదేశం వెనక్కి తీసుకుంటారేమో."

"నీకు శనివారం ఎంతో నాకు ఆదివారం అంతే అక్కా. నువ్వు నమ్మకపోతే నీ ఇష్టం" అంది చిన్నకోడలు, చెప్పులేసుకుంటూ.

మూడో ఆదివారం ఆవిడకీ అదే సందేశం వచ్చింది. యాప్ ఎవరిపట్లా పక్షపాతం చూపలేదు.

నెల్లాళ్లు తిరిగాక రైలు స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికేవాళ్లు కావాలంటే ఇద్దరూ వెళ్లారు. లాడ్జి యజమానురాలు తాళాలగుత్తి తిప్పుతూ, సెలవు ఏ రోజు కావాలని అడిగింది.

"నాకు శనివారం" అంది పెద్దకోడలు.

"నాకు ఆదివారం" అంది చిన్నకోడలు.

"ఇద్దరూ కూడబలుక్కుని ఒకేరోజు మానెయ్యరు కదా?"

"అలా జరగదండీ. ఆ విషయంలో మా ఇద్దరికీ ఈ జన్మలో కుదరదు" అంది పెద్దకోడలు.

"అయితే రేపట్నుంచి రండి" అందావిడ.

ఆస్పత్రిలో ఇప్పుడు దుప్పట్లు బయటికి పంపి ఉతికిస్తున్నారు. రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. సంవత్సరాంతపు నివేదికలో సమయపాలన విభాగం ఇలా రాసుకుంది: 'బుధవారమును పవిత్ర దినముగా ప్రకటించిన పిమ్మట, లాండ్రీలోని క్రైస్తవ ఉద్యోగులలో ఒక్కరు కూడా అభ్యంతరం తెలుపలేదు.'