బిరాబ్వా ఊపిరి పీల్చింది

ఆ గురువారం పొద్దున టీ నీళ్ళు మరుగుతుండగానే బిరాబ్వా నిశ్చయించుకుంది. శనివారానికి ఎవరేం అడిగినా సరే, కుదరదని చెప్పేయాలి. శనివారం కూతురు సూబి చదివే హాస్టలు బడిలో అమ్మానాన్నలు వచ్చి పిల్లల్ని చూసే రోజు. కంపాలాలో ఆ రోజుకున్న విలువ క్రిస్మస్‌కు కూడా లేదు. పోయినసారి బిరాబ్వా ఎవరి పెళ్ళిలోనో వంటకు నిలబడిపోయి, బడి గేటు మూసేవేళకు చేరింది. తోటి పిల్లలంతా వాళ్ళ అమ్మలు తెచ్చిన వేయించిన కోడి తిని, చేతులు కడుక్కుని ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయారు. సూబి ఒక్కతే గేటు పట్టుకుని నిలబడి ఉంది. "పర్లేదమ్మా, నాకసలు ఆకలే లేదు" అంది. ఆ మాట గుర్తొస్తే బిరాబ్వాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

కుదరదని చెప్పడం ఆమెకు పుట్టుకతో రాని విద్య. అది నేర్చుకోవడానికే యోగాలో చేరింది. అకుల్లో టీచరు మొదటిరోజే కిటుకు చెప్పేసింది. "అడగ్గానే జవాబివ్వకండి. పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. పెదాలు మూసి, ముక్కుతో నిండుగా ఊపిరి పీల్చండి. అది వదిలేటప్పుడు, మెల్లగా, కుదరదు అనండి." తరగతిలో ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టి సాధన చేయించేది. ఖాళీ కుర్చీకి కుదరదని చెప్పడంలో బిరాబ్వాను మించినవాళ్ళు లేరు.

టీ ఇంకా గ్లాసులో పోయనే లేదు, పక్కింటి నలోంగో వచ్చింది. కవలల్ని కన్న తల్లి కాబట్టి ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఊరంతా నలోంగో అనే పిలుస్తుంది.

"సూబి వాళ్ళమ్మా! శనివారం మా మేనకోడల్ని అడగడానికి పెళ్ళికొడుకు వాళ్ళొస్తున్నారు. అరిటాకు పొట్లాల్లో కోడి నువ్వొండితేనే కోడి, లేకపోతే గడ్డి. కాదనవు కదా?"

బిరాబ్వా పాదాలు ఆనించింది. పెదాలు బిగించింది. నిండుగా ఊపిరి పీల్చింది. ఛాతీ లేచింది, మెడ లేచింది, వాటితోపాటు కనుబొమ్మలు కూడా నుదుటి మీదికి లేచాయి. కంపాలాలో ఔననడానికి ఎవరూ నోరు నొప్పి పెట్టుకోరు, కనుబొమ్మలెగరేస్తే చాలు. నలోంగో అక్కడికక్కడే మోకాళ్ళ మీద కూచుని దండం పెట్టింది. "నీ కడుపు చల్లగుండ! శనివారం పొద్దున్నే కోళ్ళు పట్టుకొస్తా" అంటూ పరుగెత్తింది. బిరాబ్వా ఊపిరి వదిలి "కుదరదు" అనేసరికి వినడానికి గేటు తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆఫీసులో మేనేజరు సెకిట్టో పిలిచాడు. "మేడం, శనివారం ఆడిటరుగారు వస్తున్నారు. మీరుంటే నాకు ధైర్యం. వస్తారుగా?"

ఈసారి ఇంకాస్త గట్టిగా పీల్చింది.

"అంత హుషారుగా ఒప్పుకున్నవాళ్ళని ఈ ఆఫీసులో నేనింతవరకూ చూళ్ళేదు!" అని సెకిట్టో మురిసిపోయి, అందరిచేతా ఆమెకు చప్పట్లు కొట్టించాడు. చప్పట్ల హోరులో ఆమె "కుదరదు" కొట్టుకుపోయింది.

సాయంత్రం యోగా తరగతికి వెళ్ళి టీచరు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీరు చెప్పినట్టే చేస్తున్నా టీచర్. నేను నోరు తెరిచేలోపే దండాలు పెట్టి పోతున్నారు."

"మీరు పైపైన పీలుస్తున్నారు. ఇంకా లోతుగా పీల్చాలి" అంది అకుల్లో. తరవాత గొంతు తగ్గించి, "అన్నట్టు, శనివారం మా అక్క వాళ్ళింటికెళ్ళాలి. పొద్దుటి తరగతి నా బదులు మీరు చెప్పకూడదూ?" అంది.

బిరాబ్వా ఆమె చెప్పినట్టే చాలా లోతుగా పీల్చింది. అకుల్లో ఆమెను వాటేసుకుని, హాలు తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం భర్త ముగెర్వా జాలిపడి, "ఏదీ, వాళ్ళకెలా చెప్పావో నాకు చెప్పు చూద్దాం" అన్నాడు. చూశాడు. చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, గోడమీది అద్దం తెచ్చి ఆమె మొహానికి పట్టాడు. "నీ కనుబొమ్మలు చూడవే తల్లీ! అవి చూసినవాళ్ళు, అడిగితే కిడ్నీ కూడా ఇస్తావనుకుంటారు."

బిరాబ్వా నవ్వలేదు. మంచం మీద కూలబడింది. "రేపు కూడా అది గేటు దగ్గర నిలబడే ఉంటుంది" అంది. ముగెర్వా నవ్వు ఆపేసి అద్దం పక్కన పెట్టాడు.

శనివారం తెల్లారీ తెల్లారకముందే నలోంగో వాకిట్లో దిగింది, రెండు చేతుల్లోనూ తలకిందులుగా వేలాడుతున్న కోళ్ళతో. బిరాబ్వా తలుపు తీస్తూనే, ఊపిరి గీపిరి ఏమీ లేకుండా అనేసింది.

"నేను రాను."

కోళ్ళు కూడా ఊరుకున్నాయి.

"ఎవరైనా పోయారా?" అంది నలోంగో.

"ఎవరూ పోలేదు."

"ఒంట్లో బాలేదా?"

"బాగుంది. నా కూతుర్ని చూడ్డానికెళ్తున్నా. ఇవాళ ఎవరి వంటా చెయ్యను."

బిరాబ్వా ఇప్పుడు ఆకాశం విరిగి మీద పడుతుందని ఎదురుచూసింది. నలోంగో కోళ్ళను చేయి మార్చుకుంది. "ఓస్, అంతేనా! గురువారమే చెప్పొచ్చుగా? మా వదిన నమాటా చేతి వంటా బాగానే ఉంటుందిలే" అని చక్కా వెళ్ళిపోయింది. సెకిట్టో ఫోనులో "అలాగే మేడం, ఆడిటరుగారిని సోమవారం రమ్మంటా" అన్నాడు. అకుల్లో మాత్రం తాళంచెవి తీసుకుంటూ, "ఎంత బాగా చెప్పారండీ! ఆ ఊపిరి చూశారా?" అంది. తను లేకపోతే ఆగిపోతాయనుకున్న పనులన్నీ ఇంత సులువుగా నడిచిపోవడం బిరాబ్వాకు కొంచెం కష్టంగానే తోచింది. కానీ పొయ్యిమీద సూబి కోసం కోడి వేగుతున్న వాసనకు ఆ కష్టం ఎంతోసేపు నిలవలేదు.

బడి గేటు తెరిచేసరికి వరసలో అందరికన్నా ముందు బిరాబ్వా ఉంది. సూబి మైదానానికి ఆ కొసనుంచి చూసింది. నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగింది. తరవాత చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి తల్లి నడుము చుట్టేసింది. ఇద్దరూ చెట్టునీడన చాప పరిచి డబ్బా మూత తీశారో లేదో, హెడ్‌మిస్ట్రెస్ వచ్చి నిలబడింది.

"అమ్మయ్య, సూబి వాళ్ళమ్మా, మీరే కనబడ్డారు! అతిథులకి వడ్డించేవాళ్ళు చాల్లేదు. మీలాంటి చేయి తిరిగినవాళ్ళు ఒక్క గంట వంటశాలలో..."

బిరాబ్వా నోరు తెరవబోయింది. అంతలో సూబి కోడి తొడ నములుతూనే తలెత్తింది.

"కుదరదు మేడం. ఇవాళ మా అమ్మ నాది."

హెడ్‌మిస్ట్రెస్ నవ్వేసి, ఇంకో చాప వైపు నడిచింది. బిరాబ్వా రెండో తొడ కూడా తీసి కూతురి చేతిలో పెట్టింది.

సూబి ఒక్కరోజు కూడా యోగా నేర్చుకోలేదు.